చిత్రముల కూర్పు – జీతమెంత? మిగులెంత?

బిడ్డకు క్రొత్తగా పని దొరికినదని తెలియగనే ఇరుగుపొరుగువారడుగు మొదటి ప్రశ్న “జీతమెంత?” అనునది. “ఆ యూరిలో బస కెంతయగును? నెలాఖరున చేతిలో నిలుచునదెంత?” అని యడుగువారు మిక్కిలి యరుదు. సోదరీమణులారా, ఇల్లు నడపు మనకు ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యము. ఇప్పుడు యువతీయువకులు మక్కువపడుచున్న యొక వృత్తిని, అనగా సినిమాలను, వీడియోలను కూర్చు పనిని, ఆ ప్రశ్నతోనే కొలిచి చూతము.

ఇందులకు అరకులోయను తీసికొనుటకు కారణము కలదు. విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, తూర్పుకనుమలలో, సముద్రమట్టమునకు ఇంచుమించు 900 మీటర్ల యెత్తున నున్న యీ లోయ, 2022 ఏప్రిల్ 4 నాడు ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. కార్తిక మార్గశిరములలో వలిసె పూచి పొలములు పసుపు ఆరబోసినట్లుండును. మైదానమునుండి పెండ్లికాబోవు జంటలు వచ్చి ఆ పూలనడుమ నిలిచి చిత్రములు తీయించుకొందురు. కొండబిడ్డల ధింసా నృత్యమును, వారి భాషలలోని పాటలను గూడ వీడియోలుగా తీయుచున్నారు. తీయుట కొండమీద జరుగును గాని, కూర్చుట యెక్కువగా పట్టణములలోనే జరుగును. పువ్వు మనది, దండ కట్టిన కూలి మఱియొకరిది. అందుచేత “ఆ పని నేనును నేర్వరాదా?” యని కొండయింటి బాలిక యడిగినచో, అది పిల్లతనపు మాటగా త్రోసివేయదగినది కాదు.

కూర్పు అనగా నేమి? ఒక పెండ్లిని పది గంటలు చిత్రించిరనుకొనుడు. దానినంతయు నెవ్వరును చూడజాలరు. అందులో నుంచవలసిన దేదియో, తీసివేయవలసిన దేదియో యెంచి, ముందువెనుకలు అమర్చి, మాటను పాటను జతపఱచి, అరగంటలో కన్నులకు కట్టునట్లు చేయుటయే కూర్పు. పూర్వము చిత్రపు రీలును నిజముగనే కత్తిరించి అతికెడివారు. నేడు ఆ పనియంతయు కంప్యూటరుపై జరుగుచున్నది. బియ్యములో రాళ్లేరు ఓర్పును, దండ కూర్చు నేర్పును రెండును ఇందు వలయును.

ఇది స్త్రీలకు క్రొత్తపని యని తలపవలదు. మూకీచిత్రముల కాలమున అమెరికాలో ఈ పనిని పెక్కుమంది యువతులు చేసిరి. అప్పుడది కుట్టుపని వంటిదని యెంచబడెను. దాని విలువ పెరిగిన కొలది పురుషుల సంఖ్యయు పెరిగెను. అయినను 1940 నాటి యొక చిత్రమునకు ఆన్ బాచెన్స్ అను నామె కూర్పునకై ఆస్కారు బహుమానము నందిన మొదటి స్త్రీ యయ్యెను. మన దేశమున రేణూ సలూజా పూనాలోని చలనచిత్ర శిక్షణాలయమున ఈ విద్య నభ్యసించి, ‘పరిందా’ మొదలగు చిత్రములకు జాతీయ బహుమతులను గడించెను. 2000 సంవత్సరమున దివంగతురాలయ్యెను. మన తెలుగువారిలో శ్రీకర్ ప్రసాద్ గారు తండ్రియగు సంజీవిగారివలెనే ఈ వృత్తిని చేపట్టి, పలుమాఱులు జాతీయ బహుమతుల నందిరి. విద్యాలయమున నేర్చినను, ఇంటనే నేర్చినను, చేయి తిరుగుటకు సంవత్సరములు పట్టునని దీనివలన తెలియుచున్నది.

ఇక ఆదాయము. అమెరికా ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2024 లో అచ్చటి కూర్పరుల నడిమి ఆదాయము ఏటికి సుమారు 70,000 డాలర్లు, అనగా మన రూపాయలలో అరువది లక్షలకు సమీపము. వినుటకు గుండె ఝల్లుమనును! కాని యీ పని యెక్కువగా దొరకు లాస్ ఏంజలీసు, న్యూయార్కు నగరములలో ఇంటియద్దెలు ఆ దేశమునందే మిక్కిలి ప్రియమైనవి. డాలరును రూపాయలలోనికి మార్చి మురియువారు, అద్దెను గూడ రూపాయలలోనికి మార్చి చూడవలయును.

మన హైదరాబాదు సంగతియు నిట్టిదే. “అమ్మా, అచ్చట నెలకు 20,000 ఇత్తురట” అని కూతురనును. తల్లికి అది కొండంత మొత్తముగా తోచుట సహజము. 2025-26 సంవత్సరమునకు ఆంధ్రప్రదేశమున గ్రామీణ ఉపాధి హామీ పథకపు దినకూలి 307 రూపాయలుగా నుండెను. నూఱు దినములు పని దొరికినను ఏటికి 30,700 మాత్రమే యయ్యెడిది. ఇక లెక్క వేయుదము. ఈ క్రింది యంకెలు మన విచారణకై ఊహించుకొన్నవి. ఎవరి యంకెలను వారు వేసికొనవచ్చును.

జీతము 20,000. వసతిగృహమునకు భోజనముతో 8,000, రాకపోకలకు 2,000, ఫోనునకు, ఇంటర్నెట్టునకు 1,000, బట్టలు, మందులు, ఇంటికి ప్రయాణములు 3,000, అప్పుతో కొన్న కంప్యూటరు కిస్తీ 4,000. మొత్తము 18,000. మిగులు 2,000. ఈ వృత్తిలో ఒక చిత్రము ముగిసి మఱియొకటి దొరకువఱకు ఊరక కూర్చుండుట కలదు. ఏటికి రెండు నెలలు పని లేకపోయినచో, పది నెలల మిగులు 20,000. రెండు నెలల ఖర్చు 36,000. సంవత్సరాంతమునకు 16,000 అప్పు తేలును!

అదే బాలిక తన యింటనే యుండి, ఫొటోస్టూడియోల వారికి పని చేసి 10,000 సంపాదించెననుకొందము. అద్దె లేదు. కిస్తీ 4,000, విద్యుత్తు, ఇంటర్నెట్టు 1,500, ఇంటిభోజనములో తన వంతు 2,000. ఖర్చు 7,500, మిగులు 2,500. రెండు నెలలు పని లేకున్నను సంవత్సరాంతమున 10,000 నిలుచును. జీతము సగము, అయినను అప్పులేదు.

అట్లని కొండమీద అంతయు సుఖమే యనరాదు. పెండ్లిపనిని నమ్ముకొన్నవారికి ఆషాఢ పుష్యములు శూన్యమాసములు. మూఢమి వచ్చిన ఏడు మఱికొన్ని వారములు పోవును. నాలుగు నెలలు పని లేనిచో ఈ లెక్కలోను 10,000 అప్పు తేలును. వానలలో విద్యుత్తు పోవుటయు, లోపలి గ్రామములలో ఇంటర్నెట్టు అందక పెద్ద వీడియోలు పంపుట కష్టమగుటయు కలవు. ఒక్క మేలు మాత్రమున్నది. ఆషాఢము దుక్కులకు నాట్లకు కాలము. పుష్యము కాఫీపండ్లు కోయు కాలము. సొంత తోటయున్న యింట ఈ శూన్యమాసములు నిజముగా శూన్యములు కావు. పట్టణపు గదిలో ఊరక కూర్చున్నవారికి ఈ ఆధారము లేదు.

అయినచో బాలికను పట్టణమునకు పంపరాదా? తప్పక పంపవచ్చును. మంచి కూర్పరి ప్రక్కన కూర్చుండి నేర్చిన విద్య ఇంటనుండి రాదు. కాని ఆ సంవత్సరములను సంపాదనగా గాక చదువుగా నెంచవలయును. చదువునకు ఖర్చగును, ఖర్చునకు గడువుండవలయును. రెండేండ్లని గడువు పెట్టుకొని, ఆపై లెక్క చూచుకొనుట మంచిది.

బయలుదేఱుటకు ముందు తల్లులు నాలుగు సంగతులు తెలిసికొందురుగాక. జీతము నెలకా, పనికా? పని ముగిసిన యెన్ని దినములకు చేతికందును? ఒప్పుకొన్నది కాగితముపై నున్నదా? రాత్రివేళ పని ముగిసినచో బసకు చేర్చువారెవ్వరు? సమానమైన పనికి స్త్రీకిని సమాన వేతనమే యీయవలయునని మన దేశమున 1976 లోనే చట్టమైనది. ఆ హక్కు అడిగినవారికే దక్కును. ఇవి గాక మూడు నెలల ఖర్చు చేతిలో లేనిదే కంప్యూటరునకై అప్పు చేయరాదు. కిస్తీవాడు శూన్యమాసమును పాటింపడు గదా!

దూరపు కొండలు నునుపు అని మైదానమువారి సామెత. కొండలలో పుట్టినవారికి దూరపు పట్టణములే నునుపు. దగ్గఱకు పోయి చూచుట తప్పుకాదు. అద్దె, కిస్తీ, పనిలేని నెలలు లెక్కించి పోవుట మంచిది. ఎసరు కొలిచి బియ్యము పోయు మనకు ఈ లెక్క యొకరు నేర్పవలసినది కాదు. ఆ కొలతనే బిడ్డల బ్రతుకుదెరువునకును పెట్టి చూచినచో చాలును.