కారులో ఆ వణుకు ఎక్కడిది?

గత సంవత్సరం మేము ఒక పాత కారు కొన్నాము. 2017లో తయారైన చిన్న పెట్రోలు కారు, ధర 2 లక్షల 60 వేలు. కొనేముందు కర్నూలు వీధుల్లో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో నడిపి చూశాము. ఇంజను శబ్దం బాగుంది, రంగు చెదరలేదు, టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఇంకేం కావాలనుకున్నాము.

అమ్మీ కంటి చికిత్స కోసం హైదరాబాదు బయలుదేరిన రోజున అసలు సంగతి బయటపడింది. ఫజ్ర్ నమాజు ముగించుకొని జాతీయ రహదారి ఎక్కాము. వేగం 80 చేరేసరికి వెనుక సీటు సన్నగా వణకసాగింది. 90 దగ్గర నీళ్ళ సీసా దానంతటదే జరిగి కిందపడింది. "బేటా, నెమ్మదిగా పోనియ్యి, నా కడుపులో తిప్పుతోంది" అంది అమ్మీ. 65 దాటకుండా హైదరాబాదు చేరాము.

తిరిగి వచ్చాక మొదటి దుకాణంలో ముందు చక్రాలకు బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించి 900 రూపాయలు ఇచ్చాము. వణుకు తగ్గలేదు. రెండవ మెకానిక్ బానెట్ ఎత్తి ఒక్క చూపు చూసి, ఇంజను మౌంటింగులు అరిగాయని తేల్చాడు. ఆయన అంత ధీమాగా చెప్పడంతో ఎదురు ప్రశ్న వేయలేకపోయాము. మరో 3,800 రూపాయలు పోయాయి; వణుకు మాత్రం మాతోనే ఇంటికి వచ్చింది.

అప్పుడు ముందే చేయవలసిన పని చేశాము. ఒక ఆదివారం ఖాళీ రహదారిపై మేము కారు నడుపుతుండగా, మా శ్రీమతి పక్కన కూర్చొని నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చింది. ఏ వేగంలో వణుకుతోంది? ఏ గేరులో? ఎక్కడ తెలుస్తోంది? 80 వద్ద నాల్గవ గేరులోనూ, ఐదవ గేరులోనూ వణుకు ఒకేలా ఉంది. గేరు మారితే ఇంజను తిరిగే వేగం మారుతుంది, చక్రం తిరిగే వేగం మారదు. క్లచ్ తొక్కి ఇంజను వేగాన్ని పడిపోనిచ్చినా వణుకు అలాగే ఉంది. అంటే ఇంజనుకు ఏ పాపమూ తెలియదు. ఆ 3,800 రూపాయలు వృథా. బ్రేకు తొక్కినప్పుడు పెడలు అదరలేదు కాబట్టి బ్రేకు డిస్కులనూ అనుమానించనక్కరలేదు. యాక్సిలరేటర్ నొక్కినా, వదిలినా తేడా లేదు కాబట్టి డ్రైవ్ షాఫ్టు కీళ్ళపై కూడా అనుమానం పోయింది. స్టీరింగు నిశ్చలంగా ఉంది, సీటు వణుకుతోంది. అటువంటప్పుడు సాధారణంగా వెనుక చక్రాలను చూడాలి. మొదటి దుకాణంవారు ముట్టుకోనివి సరిగ్గా అవే!

మా వీధి చివర పంక్చర్లు వేసే పెద్దాయనకు ఆ పుస్తకం చదివి వినిపించాము. ఆయన నవ్వి, వెనుక చక్రాలను ముందుకు, ముందువాటిని వెనుకకు మార్చాడు. ఈసారి వణుకు స్టీరింగులోకి వచ్చింది. ఎడమవైపు చక్రం తీసి స్టెప్నీ బిగించగానే మాయమైంది. దొంగ దొరికాడు.

ఆ చక్రాన్ని మళ్ళీ బిగించి, జాకీపై ఎత్తి, టైరుకు వెంట్రుకవాసి దూరంలో స్క్రూడ్రైవరు మొనను కదలకుండా పట్టుకొని చేత్తో మెల్లగా తిప్పాడు. ఒకచోట మాత్రం రబ్బరు మొనకు తగిలింది. అక్కడ అరచేయంత మేర ఉబ్బు. లోపలి ఉక్కు తీగల పొర విడిపోతోందని చెప్పాడు. బ్యాలెన్సింగు బరువు హెచ్చుతగ్గులను సరిచేస్తుందే గాని, ఆకారం చెడిన టైరును గుండ్రంగా చేయలేదు. 90 వేగంలో ఈ చక్రం సెకనుకు సుమారు 13 సార్లు తిరుగుతుంది. ఆ ఉబ్బు అన్నిసార్లు రోడ్డును గుద్దుతూ వచ్చిందన్నమాట. పొర పూర్తిగా ఊడితే అంత వేగంలో టైరు పగలడం ఖాయమన్నాడు. వెనుక సీట్లో కూర్చున్న అమ్మీయే మా కళ్ళముందు మెదిలింది.

టైరు పక్కగోడపై నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. దీనిపై 1115 అని ఉంది, అంటే 2015వ సంవత్సరం 11వ వారం. కారు కంటే టైరు వయసు ఎక్కువ! మిగిలిన మూడూ 2021వి. రబ్బరుపై నల్లరంగు పూసి ఉండడంతో మాకు ఆ తేడా కనిపించలేదు. పాత కారు కొనేవారు ఐదు చక్రాల అంకెలనూ, స్టెప్నీతో సహా, వంగి చదవండి. వీలైతే 80 వేగంలో ఒకసారి నడిపి చూడండి. మేము రెండూ చేయలేదు.

అమ్మినవారికి ఫోను చేశాము. కాసేపు మౌనంగా ఉండి, తానూ ఆ కారును పాతదిగానే కొన్నానని, వణుకు తెలిసినా చెబితే బేరం పోతుందని భయపడ్డానని ఒప్పుకున్నారు. సరుకులోని లోపం చెప్పి అమ్మాలని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. కొత్త టైరులో సగం ఖరీదు ఇస్తానన్నారు, ఇచ్చారు కూడా.

కొత్త టైర్లు వేయించిన చోట దుకాణదారుడు పాతదాన్ని చూసి, "గీతలు బాగున్నాయి సాబ్, 500 ఇస్తా, ఎవరికైనా పనికొస్తుంది" అన్నాడు. ఒక్క క్షణం ఆలోచించిన మాట నిజం. అప్పటికే చాలా ఖర్చయింది. తర్వాత ఆయన దగ్గరే రంపం అడిగి తీసుకొని, ఉబ్బు ఉన్నచోట టైరును అడ్డంగా కోసేశాము. లోపల తీగలు తుప్పుపట్టి ఉన్నాయి.

తర్వాతి పరీక్షకు హైదరాబాదు వెళ్ళినప్పుడు అమ్మీ జడ్చర్ల దాటకముందే నిద్రపోయింది. షాద్‌నగర్‌లో టీ కోసం లేపవలసి వచ్చింది.