మరమ్మతు వెంట వచ్చిన చప్పుడు

సెలవునాడు ఇంటి ముంగిటనే కారు చక్రము విప్పి బ్రేకుపాడ్లు మార్చుకొనువారును, ఇంజను నూనె మార్చుకొనువారును మనలో పలువురు కలరు. మెచ్చదగిన అలవాటే. అయితే పని ముగించి బండిని వీధిలోనికి తీసినంతనే, నిన్నటివరకు లేని చప్పుడొకటి వినబడుట కలదు. అప్పుడు కొందరు రేడియో ధ్వనిని పెంచి దానిని మరచిపోజూతురు. కొందరు కంగారుపడి చేతికందిన భాగమునెల్ల విప్పుదురు. రెండును తగవు. ఆ చప్పుడు ఎక్కడినుండి వచ్చుచున్నదో వరుసగా విచారించు పద్ధతిని మేమిచ్చట వివరింపదలచితిమి.

మొదటి సూత్రము: చివరిసారి చేయి పెట్టినచోటనే ముందుగా వెదకవలెను. ముందు చక్రమువద్ద పనిచేసిన మరునాడే గేరుపెట్టె చెడినదని తలచుటకంటె, ఆ చక్రమువద్ద ఏదియో సరిగా అమరలేదని తలచుట న్యాయము. విప్పిన మరలన్నియు తిరిగి ఎక్కినవా? ఏదేని చిన్నముక్క పళ్లెములో మిగిలిపోయినదా? బానెట్టు క్రింద పానా ఉండిపోయినదా? ఇంజను అడుగున రక్షణగా నుండు పలకకు ఒక్క మర తక్కువైనను, బండి వేగమందుకొన్నప్పుడు అది గాలికి టపటప కొట్టుకొనును.

చక్రము విప్పి బిగించిన పక్షమున, మరి యే పరీక్షకును ముందు దాని నట్లను చూడవలెను. నట్లు వదులైనచో మొదట మెల్లని వేగమున టకటకమను చప్పుడు పుట్టవచ్చును. పిదప స్టీరింగు వణకవచ్చును. ఉపేక్షించినచో బోల్టులు విరిగి నడుచుచున్న బండినుండి చక్రమే ఊడిపోవచ్చును. నట్లను వరుసగా గాక ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగించి, చక్రమును నేలకు దింపిన పిదప పూర్తి బిగువు ఇయ్యవలెను. చిన్నకార్లలో పెక్కింటికి ఆ బిగువు సుమారు 100 న్యూటన్‌మీటర్లు. అనగా 30 సెంటీమీటర్ల పానా కొనపై 34 కిలోల బరువు మోపినంత. మీ బండికి తగిన సంఖ్య దానితో వచ్చిన పుస్తకములో ఉండును; దానినే పాటింపవలెను. 50 నుండి 100 కిలోమీటర్లు నడిచిన తరువాత మరల ఒకసారి పరీక్షించుట మంచిది.

ఇక చెవికి పని. పాట వినుటకు అలవాటుపడినవారికి ఇది కష్టము గాదు. తాళము గమనింపవలెను, అంతే. బండిని నిలిపియుంచి ఇంజను వేగము పెంచినప్పుడు చప్పుడు వచ్చినచో, మూలము ఇంజనులోనో, బెల్టులలోనో, సైలెన్సరు గొట్టములోనో ఉండును. కదిలినప్పుడు మాత్రమే వచ్చునది చాలవరకు చక్రములకు, బ్రేకులకు సంబంధించినది. సందేహము తీరనిచో ఒకే వేగమున గేరు మార్చి చూడుడు. ఇంజను చప్పుడైనచో తాళము మారును. చక్రపు చప్పుడైనచో మారదు.

చిన్నకారు చక్రము ఒక చుట్టు తిరిగినచో సుమారు 1.8 మీటర్లు సాగును. గంటకు 18 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు 5 మీటర్లు. ఆ వేగమున చక్రము సెకనుకు దాదాపు మూడు చుట్లు తిరుగును. అప్పుడు సెకనుకు మూడు దెబ్బలు వినబడినచో, చుట్టునకొక దెబ్బ పడుచున్నదన్నమాట. టైరు గాడిలో చిక్కిన గులకరాయి కూడ ఇట్లే పలుకును. ఈ లెక్కను బండి నడుపువారు పెట్టుకొనరాదు. ప్రక్కన కూర్చున్నవారికి అప్పగింపవలెను. అద్దములు దింపి, రద్దీ లేనిచోట గోడ వెంబడి మెల్లగా పోయినచో, ధ్వని గోడకు తగిలి మరలివచ్చి స్పష్టముగా వినబడును.

తరువాత బ్రేకును తేలికగా తొక్కి చూడవలెను. గతుకులలో గలగలలాడి, బ్రేకు తొక్కగానే ఆగిపోవు చప్పుడైనచో, పాడ్లను కదలకుండ పట్టియుంచు తీగబద్ద ఎక్కలేదేమో చూడుడు. ఎడతెగక గీరుచున్న ధ్వని యైనచో, డిస్కు వెనుక దుమ్ము పడకుండ అమర్చిన పలుచని రేకు చేయి తగిలి వంగియుండవచ్చును. దానిని కొంచెము వెనుకకు వంచిన చాలును, క్రొత్త సామాను కొననక్కరలేదు. వానలో తడిసిన డిస్కుమీద తెల్లవారుసరికి పలుచని తుప్పు పట్టి కరకరమనుటయు కలదు. అది నాలుగైదుసార్లు బ్రేకు వేయగానే పోవును.

కాని బ్రేకు తొక్కినప్పుడు ఇనుము ఇనుమును కోయుచున్నట్లు ధ్వని వచ్చినను, పెడలు లోతుగా దిగినను, బండి ఒకప్రక్కకు లాగినను, ఇక పరీక్షల పేరిట నడపరాదు. అచ్చటనే నిలిపి మెకానిక్కును పిలువవలెను. విప్పి చూడదలచినను, జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రిందికి దూరరాదు; గట్టి నేలపై స్టాండ్లు పెట్టి, తక్కిన చక్రములకు అడ్డుకట్టెలు వేయవలెను.

మెకానిక్కువద్దకు పోయినప్పుడు రెండు సంగతులు తప్పక చెప్పవలెను: చప్పుడు ఎప్పుడెప్పుడు వచ్చుచున్నది, దానికి ముందు ఇంటిలో ఏయే భాగము విప్పితిరి. ఈ రెండవ సంగతిని బిడియముచే దాచువారు కలరు. దానిని దాచినచో వెదకులాట మొదటినుండి ఆరంభమగును; చెప్పినచో వెదకవలసినచోటు ఒక్క చక్రమునకు తగ్గును.