మొదటి కుట్టు డబ్బాలో ఏం పెట్టుకోవాలి?

మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ కోర్సుల కోసం జిల్లాల నుంచి వచ్చిన అమ్మాయిలు మా అమీర్‌పేట హాస్టళ్ల నిండా ఉంటారు. ఇంటి నుంచి వచ్చే డబ్బు లెక్కగా ఉంటుంది. ఇంటర్వ్యూకి బయల్దేరే వేళ కుర్తా చంక దగ్గర పిగిలితే పొద్దున్నే తెరిచే టైలరు దొరకడు. దొరికినా "ఇంత చిన్న పనా? సాయంత్రం రండి" అంటాడు. అందుకే చాలామంది నన్ను అడుగుతుంటారు: "ఆంటీ, కుట్టు నేర్చుకోవాలంటే ముందు ఏం కొనాలి?"

ఏం కొనకూడదో ముందు చెప్తాను. ప్లాస్టిక్ పెట్టెలో రంగురంగుల దారాలు, బుల్లి కత్తెర సర్ది అమ్మే రెడీమేడ్ కిట్టు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ చాలా కిట్లలో దారం లాగితే పుటుక్కున తెగుతుంది, కత్తెర గుడ్డను కోయకుండా నములుతుంది. పాపం, కొత్తగా పట్టుకున్న పిల్ల "నాకు కుట్టు రాదు" అనుకుని అక్కడితో మానేస్తుంది. కాబట్టి తక్కువ వస్తువులు కొనండి, మంచివి కొనండి. బేగంబజార్ దాకా పోనక్కర్లేదు. అమీర్‌పేట, పంజగుట్ట మ్యాచింగ్ సెంటర్లలోనే అన్నీ దొరుకుతాయి. రెండిటికీ మధ్య మెట్రోలో ఒక్క స్టేషనే దూరం.

కత్తెర: మీ డబ్బులో సగం దీనికే పెట్టండి. ఎనిమిది అంగుళాలది చాలు. ఇంటి నుంచి గుడ్డముక్క తీసుకెళ్లి దుకాణంలోనే కోసి చూడండి. మొన దాకా తెగాలి. ఇంటికొచ్చాక పిడికి ఓ రిబ్బన్ ముక్క కట్టి "దీంతో కాగితం కోయొద్దు" అని అందరికీ చెప్పేయండి. కాగితం కోస్తే పదును పోతుంది.

సూదులు: చేతికుట్టు సూదికి నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. 7 నుంచి 9 దాకా నంబర్లు మామూలు పనులకి సరిపోతాయి. మెషీన్ సూదిది తిరకాసు లెక్క. పల్చటి బట్టకి 11, మామూలు కాటన్‌కి 14, మందపు బట్టకి 16.

దారం: తెలుపు, నలుపు, మీరు ఎక్కువగా వేసుకునే రంగు ఒకటి, మొత్తం మూడు రీళ్లు చాలు. రంగు కలిపేటప్పుడు ట్యూబులైటు కింద మోసపోకండి, గుమ్మం బయటికొచ్చి ఎండవెలుతురులో చూడండి. రీలును కాకుండా ఒక్క పోగు లాగి బట్ట మీద పరచండి. సరిగ్గా కలవకపోతే కాస్త ముదురు రంగే తీసుకోండి, కుట్టాక అది బట్టలో కలిసిపోతుంది. కుట్టేటప్పుడు మూరన్నరకి మించి దారం తీయకండి, చిక్కు పడుతుంది.

టేపు: 60 అంగుళాలది, సాగనిది కావాలి. ఇంట్లో స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోండి. సాగిన టేపుతో కొలిస్తే జాకెట్టు బిగుతవుతుంది, బట్ట దండగ.

వీటికి తోడు గుండుసూదులు, మార్కింగ్ చాక్, కుట్టు విప్పే రిప్పర్, హుక్కుల అట్ట, వేలికి అంగుస్తానా ఉంటే డబ్బా నిండినట్టే. డబ్బా కూడా కొనొద్దు. ఖాళీ బిస్కెట్ల డబ్బా ఉందిగా! వానాకాలంలో సూదులు తుప్పు పట్టకుండా అందులో ఓ చాక్‌పీసు ముక్క వేయండి, తేమ పీల్చుకుంటుంది. తుప్పు సూది పట్టుబట్టలో గుచ్చారంటే మరక వదలదు.

ఇక పని. మొదటి వారం ఊడిన హుక్కులు, గుండీలు కుట్టండి. రెండో వారం పాత చున్నీ అంచు మడిచి హెమ్మింగ్ చేయండి. మూడో వారం చీరకి ఫాల్. ఫాల్‌ని ముందు నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కుట్టాలి. లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుని చీర అంచుని లాగేస్తుంది. గుండుసూదులు పెట్టి, కచ్చా కుట్టు వేసి, ఆ తర్వాతే అసలు కుట్టు. చీర పైవైపు కుట్టు చుక్కలా కూడా కనిపించకూడదు.

మా ఎదురు హాస్టల్ అమ్మాయి ఒకతె ఇలాగే మొదలుపెట్టింది. తోటివాళ్ల చీరలకి ఫాల్ కుట్టిపెట్టి, కోర్సు అయ్యేదాకా బస్‌పాస్ డబ్బులు తనే సంపాదించుకుంది. ఇంటికి ఫోన్ చేసి అడిగే ఖర్చు ఒకటి తగ్గిందని ఎంత సంబరపడిందో!

మెషీన్ సంగతి ఆర్నెల్ల తర్వాత చూద్దురుగాని. ఈ ఆదివారం మాత్రం ఇంట్లో ఓ ఖాళీ డబ్బా వెతికి పెట్టుకోండి. మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లేటప్పుడు సంచిలో గుడ్డముక్క వేసుకోవడం మరచిపోకండేం!