పోటు చూసుకుని కోరంగికి

"ఈ సెలవులకు పిల్లలను ఎక్కడికైనా తీసుకువెళ్ళాలి" అనే మాట ఏటా మార్చి నెల వచ్చేసరికి మన ఇళ్ళలో మొదలవుతుంది. నాచారంలోని మా ఇంట్లోనూ అలాగే మొదలైంది. మా సంఘంలో నాలుగు కుటుంబాల వాళ్ళం, ఉప్పల్ వారు ఇద్దరు, నాచారం వారం ఇద్దరం, కలిసి కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవులను చూసి రావాలనుకున్నాం. పిల్లలకు నీటికుక్కలను, కొంగలను, పీతలను చూపించాలని మా ఆశ. మే నెలలో వెళ్ళాం. దాదాపు ఏమీ చూడకుండానే తిరిగి వచ్చాం. తప్పు ఎవరి మీదా పెట్టడానికి లేదు, పూర్తిగా మాదే. మీలో ఎవరికైనా అటు వెళ్ళే ఆలోచన ఉంటే మాలాగా కాకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పిల్లల సంగతి సరే, ఆ ప్రయాణం మీద మాకంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది మా మామయ్యగారు. వారి పుట్టిల్లు తాళ్ళరేవు ప్రాంతం. చిన్నతనంలో వాళ్ళ నాన్నగారి వెంట మడ కాలువల్లో పీతలు పట్టినవారు. ఆ నాన్నగారు కాకినాడలో ఓడ ఎక్కి రంగూను వెళ్ళి, 1942లో జపాను బాంబులకు భయపడి కాలినడకన తిరిగి వచ్చిన వేలమందిలో ఒకరు. కోరంగి రేవు నుంచి పూర్వం ఎంతమంది వలస వెళ్ళారంటే, బర్మాలో తెలుగువారందరినీ "కోరంగీలు" అనే పిలిచేవారట. మామయ్యగారు మాత్రం బర్మా వెళ్ళలేదు, నాచారం పారిశ్రామిక వాడలో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. తల్లి పోయాక ఊరికి వెళ్ళే అవసరం లేకపోయింది. ఇప్పుడు ఎనభై దాటారు. "ఆ కాలువలో ఒక్కసారి పడవెక్కాలమ్మాయ్" అని చాలా ఏళ్ళుగా అంటున్నారు.

ఆ రోజు పొద్దున పది గంటలకు అభయారణ్యం చేరాం. కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద చొల్లంగి దాటగానే వస్తుంది. చెట్ల మధ్య చెక్కలతో వేసిన నడక దారి ఉంది. చివరకు వెళ్ళి చూస్తే కాలువలో నీళ్ళు లేవు. బురద మధ్యలో సన్నని చారలాగా ఇంత నీరు, ఒడ్డున ఒరిగిపోయిన పడవలు. "ఇప్పుడు కదలదండి. మూడు దాటాక నీళ్ళొస్తాయండి" అన్నాడు పడవ అబ్బాయి. మే నెల ఎండ, దానికి తోడు ఉప్పు గాలి ఉక్క. పన్నెండయ్యేసరికి చిన్నపిల్ల ఒకతె వాంతులు చేసుకుంది, మామయ్యగారికి కళ్ళు తిరిగాయి. ఇంక మూడింటి దాకా ఎవరుండగలరు?

ఆటో ఎక్కేటప్పుడు మామయ్యగారు ఆ బురద వంక చూసి, "నిన్ననేగా అష్టమి వెళ్ళింది. ఈ పూట నీళ్ళెక్కడుంటాయి?" అన్నారు.

"మరి ముందే చెప్పలేదేం మామయ్యగారూ?"

"నన్నెవరడిగారు?"

నిజమే. స్కూలు సెలవులు చూసుకున్నాం, ఆఫీసు సెలవులు చూసుకున్నాం, రైలు టికెట్లు చూసుకున్నాం. ఇంట్లో ఉన్న పెద్దాయనను ఒక్కమాట అడగలేదు.

మెట్ట ప్రాంతంలో ఉండే మనకు పోటు, పాటు అన్న మాటలు తెలియవు. సముద్రపు నీరు రోజుకు రెండుసార్లు పొంగి కాలువల్లోకి ఎక్కుతుంది, అది పోటు. రెండుసార్లు వెనక్కి తీస్తుంది, అది పాటు. ఈ రెండూ చంద్రుని బట్టి నడుస్తాయి. ఇవాళ నీరు నిండిన వేళకు రేపు నిండదు, దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. కనుక ఈ వారం పొద్దున పోటు ఉన్నచోట వచ్చే వారం అదే వేళకు పాటు ఉంటుంది. అమావాస్యకు, పౌర్ణమికి నీరు ఎక్కువగా పొంగుతుంది, అష్టమి ప్రాంతాల్లో తక్కువ. "పున్నమి గాని అమావాస్య గాని వెళ్ళిన రెండు మూడు రోజులకు రండి, పొద్దుటి పోటు అందుతుంది" అని పడవ అబ్బాయి ఆ రోజే చెప్పాడు. మామయ్యగారు తల ఊపారు. గోడ మీద క్యాలెండరులో తిథి ఉంటుంది. ఇంకా గట్టిగా కావాలంటే, సముద్రం లేని మన హైదరాబాదులోనే సముద్రం సంగతులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. దాని పేరు ఇన్‌కాయిస్, 1999లో ఏర్పడింది. దేశమంతటికీ సునామీ హెచ్చరికలు 2007 నుంచి ఇక్కడి నుంచే వెళ్తున్నాయి. అలలు ఎత్తుగా వచ్చే రోజుల గురించి కూడా వాళ్ళే ముందుగా చెబుతారు. సెల్‌ఫోన్ ఉన్న పిల్లలకు చెబితే నిమిషంలో చూసి పెడతారు.

ఇక ఏ నెలలో వెళ్ళాలి అన్నది. మే నెల వద్దని వేరే చెప్పనక్కరలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మర పడవల వేట కూడా నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. అందుచేత రేవుకు వెళ్ళినా సందడి ఉండదు. దసరా సెలవులు బాగుంటాయని కొందరంటారు గాని, అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు ఎన్నో రైళ్ళు రద్దయ్యాయి. క్రిస్మసు వారం మనకు కుదరదు. సంక్రాంతికి ఆ వైపు రైల్లో కాలు పెట్టే చోటు ఉండదు. పండుగ జనం తిరిగి వచ్చేశాక, జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు అన్నిటికంటే మంచి కాలం. అందులో పున్నమికో అమావాస్యకో దగ్గరి రోజులు చూసుకుంటే మీకు మిగిలేవి నాలుగైదు రోజులు. ఆదివారం మనకు ఆరాధన ఉంటుంది, అక్కడా ఆదివారం జనం ఎక్కువ. శుక్రవారం, శనివారం పెట్టుకోండి. పిల్లలకు ఒక రోజు బడి పోతుంది, పోనివ్వండి.

ఆ రోజుల్లో వెళితే ఏమి కనబడుతుంది? ముందుగా పక్షులు. సైబీరియా వైపు నుంచి వేల మైళ్ళు ఎగిరి వచ్చిన ఉల్లంకి పిట్టలు కాకినాడ అఖాతపు బురద నేలల మీద గుంపులుగా మేస్తాయి. లకుముకి పిట్టలు, గరుడ పక్షులు, రకరకాల కొంగలు కాలువ వెంటనే ఉంటాయి. పాటు సమయంలో బురద మీద ఎర్రటి డెక్క ఎత్తి ఊపే చిన్న పీతలను, రెక్కల సాయంతో బురద మీద పాకే చేపలను చూడవచ్చు. చేప నేల మీద నడవడం చూస్తే పిల్లలు గంటసేపు కదలరు. కాబట్టి ముందు చెక్కల దారి మీద నడిచి, నీరు ఎక్కాక పడవ ఎక్కేటట్టు చూసుకుంటే రెండూ దక్కుతాయి. మడ చెట్ల వేర్లు కూడా చూపించండి. బురదలో గాలి ఉండదు గనుక అవి మేకులు పాతినట్టు పైకి పొడుచుకు వచ్చి గాలి పీల్చుకుంటాయి. కొమ్మలు మాత్రం విరవనివ్వకండి. అక్కడ తిల్ల అనే చెట్టు ఉంది, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

కోరంగికి పేరు తెచ్చిన జంతువు బావురు పిల్లి. నీళ్ళలోకి దిగి చేపలు పట్టే పిల్లి అది. అది కనబడుతుందని పిల్లలకు మాట ఇవ్వకండి. రాత్రి తిరిగే జంతువు, మహా అయితే బురదలో అడుగుల గుర్తులు కనబడతాయి. నీటికుక్కలు అదృష్టం ఉంటే కనబడతాయి. సముద్రపు తాబేళ్ళదీ అదే సంగతి. ఆలివ్ రిడ్లీ అనే ఈ తాబేళ్ళు జనవరి నుంచి మార్చి వరకు రాత్రులు ఇసుకలో గుంట తీసి, ఒక్కొక్కటి సుమారు నూరు గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికి వచ్చి వెలుగున్న వైపుకు పాకుతాయి. తీరాన దీపం ఉంటే సముద్రమనుకొని ఊరివైపు వచ్చి చచ్చిపోతాయి. అందుకే ఆ ఇసుకలో టార్చిలైటు వేయకూడదు. కాకినాడ నుంచి ఉప్పాడ వైపు వెళితే ఆ నెలల్లో చచ్చిన పెద్ద తాబేళ్ళు ఒడ్డుకు కొట్టుకు వచ్చి ఉంటాయి. ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావలసిన ప్రాణి వలలో చిక్కితే ఇంకేముంది? పిల్లలు అడుగుతారు, జవాబు సిద్ధం చేసుకోండి. హోప్ ఐలాండుకు వెళ్ళాలంటే అటవీ శాఖ వారి అనుమతి ముందుగా అడగాలి. ఎవరో పడవ పెడతానంటే ఎక్కకండి.

మడ అడవిని 1978లో అభయారణ్యం చేశారు, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. ఆ ఊరి కథ మాత్రం చాలా పాతది. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు. 1789లో, మళ్ళీ 1839లో ఉప్పెనలు వచ్చి ఊరిని తుడిచిపెట్టాయి. రెండవ దాని తరువాత రేవు కోలుకోలేదు. తుపానుకు "సైక్లోన్" అనే ఇంగ్లీషు పేరు పెట్టిన కలకత్తా వాసి హెన్రీ పిడింగ్‌టన్ ఈ కోరంగి తుపానులను గురించి కూడా రాశాడు. మన కాలంలో 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమలో కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది, వెయ్యిమందికి పైగా పోయారు. మడ చెట్లు అలల ఉరుకును ఆపుతాయని అక్కడి జాలరులకు ఎవరూ చెప్పనక్కరలేదు. మనం చూసి వచ్చే ఆ అడవి వాళ్ళకు గోడ. ప్లాస్టిక్ సంచులు, సీసాలు అక్కడ వదిలేసి రావడం ఎంత తప్పో పిల్లలకు బయలుదేరక ముందే చెప్పండి.

ఉప్పల్, నాచారం వారికి దారి సులువే. గౌతమి ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే తెల్లవారాక కాకినాడలో దిగవచ్చు. ఉప్పల్ లేదా హబ్సిగూడలో మెట్రో ఎక్కితే సికింద్రాబాదు ఈస్టులో దిగి నడవవచ్చు. అయితే 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ తెరిచాక కొన్ని రైళ్ళు అటు మారాయి. నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా అది మనకు దగ్గరే. టికెట్టు మీద ఏ స్టేషను ఉందో రెండుసార్లు చదువుకోండి. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు, వెనకటిలా 120 రోజులు కాదు. అరవై దాటిన మగవారికి, నలభై ఐదు దాటిన ఆడవారికి కింది బెర్తుల కోటా ఉంది గాని, కుటుంబమంతా ఒకే టికెట్టు మీద వెళితే అది వర్తించదు. పెద్దలకు వేరే టికెట్టు తీయాలి. ఇదీ మేము మొదటిసారి చేసిన పొరపాటే, మామయ్యగారు మధ్య బెర్తు ఎక్కలేక తెల్లవార్లూ కూర్చున్నారు.

వెళ్ళేలోగా పిల్లలకు కొంచెం అలవాటు చేయండి. మేము శనివారం సాయంత్రాలు ఉప్పల్ నల్లచెరువు గట్టుకు తీసుకువెళ్తున్నాం. ఆ నీళ్ళ దగ్గర కూడా కొంగలుంటాయి. అరవకుండా పది నిమిషాలు నిలబడడం మొదటి వారం ఎవరికీ చేతకాలేదు. ఇప్పుడు ఫరవాలేదు. పులస తినవచ్చని మా వారి ఆశ. అది వానాకాలపు చేప, జనవరిలో దొరకదని చెప్పాను, ఇంకా నమ్మినట్టు లేదు.

ఈసారి తేదీ మామయ్యగారే పెట్టారు. క్యాలెండరు ముందు కుర్చీ వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, పున్నమి నుంచి మూడు రోజులు వేలితో లెక్కపెట్టి చూపించారు. ఎనిమిది మందికి టికెట్లు, మామయ్యగారికి వేరే టికెట్టు తీశాం. కింది బెర్తు దొరికింది.