పదమూడేళ్లు పట్టిన గిటార్!

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి మైత్రీవనం వైపు నడిస్తే కోచింగ్ బోర్డులు ఆకాశాన్ని కనపడనివ్వవు. ఆ రద్దీలోనే వీపుకి నల్ల సంచీ తగిలించుకుని పంజాగుట్ట వైపు వెళ్లే కుర్రాళ్లూ కనిపిస్తుంటారు. సంచీలో గిటార్. చాలావరకు అది ఫ్యాక్టరీలో తయారై అట్టపెట్టెలో వచ్చిందే. తప్పేం లేదు, నేర్చుకోవడానికి అది చాలు. కానీ, ఒక్క వాద్యకారుణ్ని మెప్పించడానికి ఓ పనివాడు పదమూడేళ్లపాటు గిటార్ వెనక గిటార్ చేస్తూనే ఉన్నాడంటే నమ్ముతారా?

ఆయన పేరు హెర్మన్ హౌజర్. 1882లో పుట్టాడు. ఊరు జర్మనీలోని మ్యూనిక్. తండ్రి జోసెఫ్ జిథర్లు చేసేవాడు. బల్లమీద పెట్టుకుని మీటే ఆ తీగల వాద్యాన్ని మన స్వరమండలానికి దూరపు చుట్టం అనుకోవచ్చు. కొడుకూ అదే పనిలో పెరిగాడు. గిటార్లూ చేసేవాడు కానీ, అవి ఆ ప్రాంతపు పాత పద్ధతివి.

అద్దెకని వెళ్తే...

1924లో స్పెయిన్ నుంచి ఆండ్రెస్ సెగోవియా కచేరీకని మ్యూనిక్ వచ్చాడు. అప్పటికి గిటార్ అంటే పానశాలల్లో పాటలకు వాయించుకునేదని పెద్దమనుషుల చిన్నచూపు. దాన్ని పియానో, వయొలిన్ల సరసన కూర్చోబెట్టాలని ఆయన పట్టుదల. చిక్కల్లా ఒక్కటే... మైకు లేకుండా పెద్ద హాల్లో ఆఖరి వరసదాకా ఆ నాదం చేరాలి.

ఆయన చేతిలో ఉన్నది 1912లో మాడ్రిడ్‌లోని మాన్యుయెల్ రామిరెజ్ కార్ఖానాలో తయారైన గిటార్. దాని కథా తమాషాయే. కుర్రతనంలో కచేరీ కోసం మంచి గిటార్ అద్దెకివ్వమని సెగోవియా ఆ కొట్టుకు వెళ్లాడట. వాయింపు విన్న యజమాని, డబ్బు తీసుకోకుండా దాన్ని ఇచ్చి పంపేశాడట! సెగోవియా తన ఆత్మకథలో చెప్పుకున్న ముచ్చట ఇది.

మ్యూనిక్‌లో హౌజర్ చేసిన వాద్యాలు చూసి సెగోవియా పనితనానికి ముచ్చటపడ్డాడు. ఈ చేతులు స్పెయిన్ పద్ధతి పట్టుకుంటే బావుండునన్నాడు. హౌజర్ ఆ గిటార్‌ను నిశితంగా చూసి కొలతలు తీసుకున్నాడు. కొలతలు చేతికొచ్చాయి... నాదం మాత్రం రాలేదు.

రెండు మిల్లీమీటర్ల లెక్క

ఎందుకు రాలేదు? క్లాసికల్ గిటార్ ప్రాణమంతా పై పలకలో ఉంటుంది. చలి కొండల్లో పెరిగే స్ప్రూస్ చెట్టు కలప. మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లే. ఆరు తీగలూ కలిసి దాదాపు 40 కిలోల బలంతో దాన్ని లాగుతుంటాయి. మందం పెంచితే గొంతు నొక్కేసినట్టవుతుంది. తగ్గిస్తే పలక కుంగిపోతుంది. అందుకే లోపలివైపు విసనకర్ర ఊచల్లా సన్నటి చెక్క బద్దలు అతికిస్తారు. ఈ పద్ధతిని స్థిరపరిచినవాడు స్పెయిన్‌కే చెందిన ఆంటోనియో డి టోర్రెస్ (1817-1892). నాదమంతా పై పలకదేనని నిరూపించడానికి ఆయన 1862లో వెనకభాగం, పక్కలు కాగితపు గుజ్జుతో ఓ గిటార్ చేసి చూపించాడు!

ఏ రెండు చెక్కలూ ఒక్కలా ఉండవు. ఒకదానికి కుదిరిన మందం మరోదానికి కుదరదు. అందువల్ల నకలు తీయడంతో పని జరగదు. చెక్కను వేలితో తట్టి, వంచి, విని, మళ్లీ చిత్రిక పట్టాలి. హౌజర్ ఏళ్లు గడిచింది ఇక్కడే. చేసిన ప్రతిదాన్నీ సెగోవియా వాయించి చూసేవాడు, ఏం తక్కువైందో చెప్పేవాడు. చివరికి 1937లో వచ్చిన గిటార్‌ను పట్టుకుని, ఈ కాలానికి ఇంతకు మించింది లేదన్నాడు.

సుమారు పాతికేళ్లు అదే ఆయన వెంట దేశాలు తిరిగింది. రికార్డింగ్‌లో మైకు మీదపడి దెబ్బ తగిలిందనీ, బాగుచేసినా పాత గొంతు రాలేదని ఆయన బాధపడ్డాడనీ చెబుతారు. 1986లో అది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి చేరింది. కొత్త వాద్యాన్ని అద్దాల్లో పెడితే అలంకారం. వాయించీ వాయించీ అరిగినదాన్ని పెడితే మాత్రం చూసేవాళ్లకు కాస్త దిగులే.

హౌజర్ 1952లో పోయాడు. ఆ పని ఆగలేదు. కొడుకు, మనవడు... ఇద్దరి పేర్లూ హెర్మన్లే! ఇప్పుడు మునిమనవరాలు కాత్రిన్‌ది నాలుగో తరం.

మన అడవి కలప

ఈ కథలో మన వాటా కూడా ఉంది. ఆ గిటార్ వెనకభాగం బ్రెజిల్ రోజ్‌వుడ్. నరికివేత మితిమీరడంతో 1992లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని దాదాపుగా ఆపేశారు. అంతకుముందే ప్రపంచంలోని గిటార్ కార్ఖానాలు భారతీయ రోజ్‌వుడ్‌కు మళ్లాయి. అదే మన జిట్రేగి... కోస్తాలో ఇరుగుడు అంటారు. 2017లో దీనిమీదా ఆంక్షలు వచ్చాయి. వాద్యకారులు విమానాశ్రయాల్లో ఇబ్బందులు పడటంతో 2019లో తయారైన వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. కలప కష్టం బొబ్బిలి వీణకూ తెలిసిందే. గొల్లపల్లి పనివాళ్లు ఒకే దుంగలోంచి ఏకాండి వీణను తొలుస్తారు. దానికి తగ్గ లావైన పనస మాను దొరకాలి కదా.

సరే, మన ఇళ్లలోని మామూలు గిటార్ల సంగతి. నైలాన్ తీగలకని చేసిన క్లాసికల్ గిటార్‌కు ‘శబ్దం పెరుగుతుంద’ని స్టీలు తీగలు బిగించేవాళ్లున్నారు. వాటి లాగుడు చాలా ఎక్కువ. తీగలు కట్టే చెక్క ఊడి వచ్చేస్తుంది, పలక ఉబ్బుతుంది. ఇక హైదరాబాద్ ఏప్రిల్ ఎండకు కలప బిగుసుకుని నెర్రెలిస్తుంది, వానల్లో ఉబ్బుతుంది. గోడకు తగిలించడం, కారు డిక్కీలో వదిలేయడం కంటే మూత ఉన్న పెట్టెలో ఉంచడం నయం. అటక మీద తాతగారి కాలం నాటి గిటార్ ఉంటే ముందు మెరుగుపెట్టించకండి. మధ్యలోని గుండ్రటి రంధ్రంలోకి టార్చి వేసి చూడండి... చేసినవాడి పేరు, ఊరు, సంవత్సరం రాసిన చీటీ సాధారణంగా అక్కడే అతికించి ఉంటుంది.