తెరపై చర్చ – వీక్షకుని అవసరం

ఆంధ్రప్రదేశ్‌లో 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ఆరంభమైంది. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ తొలి తెలుగు వార్తలను చదివారు. టెలిప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో స్పష్టమైన ఉచ్చారణ, నిదానం ఆయనకు పేరు తెచ్చాయి. వార్తలు చదివేవారు సొంత అభిప్రాయం చెప్పరాదన్నది నాటి నియమం. అయితే ప్రభుత్వ మాధ్యమం కావడం వల్ల పాలకులను నిలదీసే ప్రశ్నలు అందులో అరుదు.

2003 చివర ఈటీవీ 2, 2004లో టీవీ9 రావడంతో పరిస్థితి మారింది. వార్తలు చదివేవారితోపాటు చర్చను నడిపే సంధానకర్తలకు ప్రాధాన్యం పెరిగింది. నాయకులను ప్రజల ఎదుటే ప్రశ్నించడం సాధ్యమైంది. ఇది మేలైన మార్పు. కాని రేటింగుల పోటీ పెరిగినకొద్దీ అనేక చర్చలలో సమాచారం తగ్గి, వాగ్వాదం మిగిలింది.

ఈ లోపం రాజధానికి దూరంగా ఉన్నవారికి ఎక్కువ నష్టం కలిగిస్తుంది. వికారాబాదు జిల్లాలోని తాండూరు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడి రైతుకు కావలసినది మద్దతు ధర ఎంత, కొనుగోలు కేంద్రం ఎప్పుడు తెరుస్తారు అనే వివరం. తాండూరు నాపరాతి పరిశ్రమలోని కార్మికునికి దుమ్ము వల్ల కలిగే హానిని గురించి వైద్యుని మాట కావాలి. నాయకుల పరస్పర నిందలు ఈ రెండింటినీ తీర్చలేవు.

కాబట్టి సంధానకర్త విషయాన్ని ముందుగా అధ్యయనం చేయాలి. ఇరుపక్షాలకూ సమాన అవకాశం ఇవ్వాలి. జవాబు దాటవేసినవారిని మర్యాద తప్పకుండా మళ్ళీ అడగాలి. చర్చ ముగిసేసరికి వీక్షకునికి ఏమి తెలిసింది అన్నదే కార్యక్రమ ప్రమాణానికి గీటురాయి.