దేహరక్షణలో సహాయక టి-కణాల పాత్ర

ఏర్పేడు రైల్వే స్టేషనులో నిలిచి చూచినవారికి ఒక విషయం తెలిసే ఉంటుంది. స్టేషను మాస్టరు బండిని స్వయంగా నడపడు. కాని ఆయన అనుమతి లేనిదే బండి ముందుకు సాగదు. మన దేహరక్షణ వ్యవస్థలో ఇటువంటి బాధ్యతనే సహాయక టి-కణాలు వహిస్తున్నాయి.

ఇవి తెల్ల రక్తకణాలలో ఒక తెగ. ఎముకల మజ్జలో జనించి, రొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో పరిణతి చెందుతాయి. స్వదేహంపైనే తిరుగబడే కణాలలో అధికభాగం అక్కడనే నశిస్తుంది. రోగనిరోధక శక్తికి ఈ గ్రంథి ఎంత అవసరమో 1961లో జాక్ మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించాడు.

రోగక్రిమి ప్రవేశించగానే కొన్ని కణాలు దానిని మ్రింగి, దాని శకలాలను తమ ఉపరితలంపై ప్రదర్శిస్తాయి. తనకు సరిపడిన శకలాన్ని గుర్తించిన సహాయక కణం విభజన చెంది అసంఖ్యాకంగా వృద్ధి పొందుతుంది. సైటోకైన్లనే రసాయన సందేశాలను వెలువరిస్తుంది. ఆ సందేశాలనందుకొని బి-కణాలు ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. హంతక టి-కణాలు రోగగ్రస్త కణాలను సంహరిస్తాయి. భక్షక కణాలు తాము మ్రింగిన క్రిములను జీర్ణించుకొంటాయి.

మరి సహాయక కణమే నశిస్తే? ఎయిడ్స్ వ్యాధికి కారణమైన హెచ్.ఐ.వి. చేసేది ఇదే. సహాయక కణంపైనున్న సి.డి.4 అనే అణువును పట్టుకొని అది లోపలికి చొరబడుతుంది. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్త నమూనాలను మన చిత్తూరుకు పొరుగుననున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పరీక్షించగా, ఈ వైరస్ మన దేశంలో ఉన్నట్లు తొలిసారిగా వెల్లడైంది.

ఆరోగ్యవంతునిలో ఘన మిల్లీమీటరు రక్తానికి సుమారు 500 నుండి 1500 వరకు ఈ కణాలుంటాయి. 200కు దిగువకు పడిపోతే అది ఎయిడ్స్ దశ. అప్పుడు తక్కిన సైన్యమున్నా ఆజ్ఞాపించేవారు లేనందున క్షయ వంటి వ్యాధులు విజృంభిస్తాయి.

అయితే నిరాశకు తావు లేదు. 2004 నుండి ప్రభుత్వం ఉచితంగా మందులిస్తున్నది. 2017 నుండి కణాల సంఖ్యతో నిమిత్తం లేకుండా రోగులందరికీ చికిత్స లభిస్తున్నది. క్రమం తప్పక మందులు వాడితే వైరస్ అణగిపోయి, సహాయక కణాలు తిరిగి పెరుగుతాయి.

విద్యార్థులారా! ఈ వైరస్ స్పర్శవలన గాని, సహపంక్తి భోజనం వలన గాని సోకదు. రోగిని వెలివేస్తే ఇతరులు భయపడి పరీక్షకే వెళ్లరు. ఈలోగా వారి దేహంలో సహాయక కణాలు నిశ్శబ్దంగా తరిగిపోతుంటాయి. దేహంలోని కణాలే పరస్పర సహాయంతో జీవిస్తుండగా, తోటి మనిషికి సహాయకులం కాలేకపోవడం మనకు తగునా?